మూడు ‘ఏటి’ల వరహాలరావు

వరహాలరావు గారికి బుద్ధెరిగాక ఏ మాటా మొదటిసారి వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. మూడోసారి చెబితే మాత్రం చక్కగా తల ఊపి, సంచిలోంచి పుస్తకం తీసి రాసుకునేవారు. ఆ ముందు రెండుసార్లూ కుడి అరచెయ్యి డొప్పలా చేసి చెవి వెనక ఆనించి, మెడ కాస్త ముందుకు సాచి "ఏటి?" అనేవారు. ఆ అడగడంలో కోపం ఉండదు, విసుగూ ఉండదు. పక్కింటికి అగ్గిపుల్ల కోసం వచ్చిన మనిషిలా అడిగేవారు.

ఆయనది చోడవరం వైపు. ఉద్యోగం జి.మాడుగుల కొండల్లో. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు ఏ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు, బడికొస్తున్నారా, సర్కారు వాళ్ళకిస్తానన్నది చేతికందుతోందా అని బడిబడికీ తిరిగి చూసి పైకి రాయాలి. అలాంటి పనికి చెవిటాయన్ని ఏరి కోరి పెట్టారని కొండమీద జనం నవ్వుకునేవారు. రెండువేల నాలుగులో మొదటిసారి పనసగూడ వచ్చిన రోజునే ఆయన పేరు ఏటిబాబు అయిపోయింది. ఆ సంగతులన్నీ సోములమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీవు. ఆ బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది ఆవిడే. వచ్చిన ప్రతిసారీ ఏటిబాబు తిన్నదీ ఆ అన్నమే.

ఆ మొదటి రోజున ఊరు రాగానే జీపు తోలే భీముడు వెనక్కి తిరిగి, "బాబూ, పనసగూడొచ్చింది, దిగండి" అన్నాడు.

"ఏటి?"

"పనసగూడండి."

"ఏటి?"

మూడో జవాబు పూర్తయ్యేసరికి జీపు ఊరు దాటి రెండు మలుపులు కిందికి జారిపోయింది. వరహాలరావు గారు గొడుగు విప్పుకుని ఆ దారంతా వెనక్కి ఎక్కారు. ఎదురైన ప్రతి ముసలమ్మ చేతా మూడేసిసార్లు కుశలం చెప్పించుకుంటూ మరీ వచ్చారు.

బడికి ఉన్నది ఒక్క దేవీప్రసాద్ మాస్టరే. హెడ్డూ ఆయనే, తోకా ఆయనే.

"పిల్లలెంతమందండి?" అన్నారు వరహాలరావు గారు.

"నలభై రెండండి."

"ఏటి?"

"అంటే, పుస్తకంలో నలభై రెండండి. వచ్చేది ముప్ఫై."

"ఏటి?"

"ఈ రోజు పద్నాలుగండి. సంత కదండి."

పద్నాలుగు అని రాసుకున్నారు. దేవీప్రసాద్ తెలివైనవాడు. మరుసటి నెల ముందే సిద్ధపడి, మొదటి దెబ్బకే పద్నాలుగన్నాడు. "ఏటి?" అన్నారు. పద్నాలుగేనండి, ఒట్టు, అన్నాడు. "ఏటి?" అన్నారు. మాస్టరు నుదురు తుడుచుకుని, "తొమ్మిదండి" అన్నాడు.

ఊరందరినీ కూర్చోబెట్టి మాట్లాడిన రోజు ఇంకా బాగుంటుంది. ఆయన చేతిలో అచ్చు కాగితం ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు చదివారు. "మీ ఊళ్ళో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ఉన్నారా?"

ఊరిపెద్ద బుధు లేచి నిలబడ్డాడు. "లేకేటి బాబు. మాకన్నీ అవసరాలే. బోరింగు హేండిలు ఇరిగిపోనాది, ఆడగుంటలు గెడ్డ వాగు కాడికెళ్ళి నీళ్ళు మోస్తన్నారు. నర్సమ్మ వొచ్చి రెండు నెలలయినాది. అంగన్‌వాడీకి తలుపు లేదు, మేకలు తొంగుంటన్నాయి. నా మనవడికి సలికోటు ప్రత్యేకంగా అవసరం."

వరహాలరావు గారు ఒక్కొక్కటీ మూడేసిసార్లు చెప్పించుకుని రాయడం మొదలుపెట్టారు. దేవీప్రసాద్ వంగి, "సార్, అవి మన శాఖ కాదండి" అన్నాడు.

"ఏటి?"

"మన శాఖ కాదు..."

"ఏటి?"

"రాయండి సార్."

పదకొండు అవసరాలు రాసుకుని వెళ్ళారు. ఆ కాగితం ఏ ఆఫీసులో ఎన్ని ‘ఏటి’లు తిన్నదో గానీ, రెండు నెలలకి బోరింగుకి హేండిలు వచ్చింది, అంగన్‌వాడీకి తలుపొచ్చింది, మేకలు నొచ్చుకున్నాయి. చలికోటు మాత్రం ఏ శాఖదో తేలక ఆగిపోయింది.

ఆ పదకొండింట్లో సోములమ్మ కూతురు గంగ లేదు.

గంగకి ఎనిమిదేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ చెవులు వినపడవు. ఊళ్ళో అందరికీ తెలుసు. దేవీప్రసాద్‌కీ తెలుసు. పేరు రాస్తే పది కాగితాలు నింపాలని ‘ప్రత్యేక అవసరాల పిల్లలు’ అన్నచోట ఆయన ఏటా ‘శూన్యం’ అని రాసేవాడు. సోములమ్మకి అదే కావలసింది. పేరు రాయించుకున్న పిల్లల్ని తెల్ల జీపులో విశాఖపట్నం తీసుకుపోయి హాస్టల్లో పడేస్తారని, మళ్ళీ పంపరని సంతలో ఎవరో చెప్పారు. ఆ భయం నిజమే. కానీ భయం వెనక ఇంకోటి ఉంది, అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అత్తవారి ఊళ్ళో పెళ్ళికెళ్తే మూగదాని తల్లి అంటారని ఆవిడకి సిగ్గు. అందుకే చిన్నవాళ్ళిద్దరినీ బడిలో కూర్చోబెట్టి, పెద్దదాన్ని వంటపాక వెనక చింతపండు గింజలు తీయడానికి కూర్చోబెట్టేది.

ఒకరోజు వరహాలరావు గారు వంటపాక గుమ్మంలోకి వచ్చి అడిగారు. "నీకు పిల్లలెంతమందమ్మా?"

"ఇద్దరు బాబు."

"ఏటి?"

"ఇద్దరు."

"ఏటి?"

సోములమ్మ గరిటె గట్టిగా పట్టుకుంది. "ఇద్దరే బాబు."

ఆ కొండల మీద మూడు ‘ఏటి’లకీ తట్టుకుని నిలబడ్డ అబద్ధం అదొక్కటే. దేవీప్రసాద్ ఆవిడ వైపు చూసిన చూపులో గౌరవం ఉంది. తోటి వంటామె పైడితల్లి, "ఒలప్పా, గట్టిదానివే" అంది. సోములమ్మకి ఆ పూటంతా తలెత్తబుద్ధి కాలేదు. వరహాలరావు గారు పుస్తకం తెరిచారు, కలం తీశారు, ఏమీ రాయకుండా మూసి సంచిలో పెట్టుకున్నారు.

ఆ రోజు కడుపులో ఉన్న మంటంతా ఆయన మీదే చూపించింది. ఆయన అడ్డాకు విస్తరి ముందు కూర్చున్నారు. పులుసు పోయమంటారా అని మూడుసార్లు అడిగించుకున్నారు. సోములమ్మ పక్కకి తిరిగి, గొంతు తగ్గించకుండానే అంది, "ఒలె పైడితల్లీ, సెవిటోడికి ఉజ్జోగవిచ్చీసినారు సూడే. సెవిటోళ్ళు ఏ పనికొస్తారే? గోడకి బువ్వెట్టినట్టున్నాది."

పైడితల్లి పగలబడి నవ్వింది. సోములమ్మా నవ్వింది. నవ్వుతూ తలతిప్పితే పాక చూరు కింద గంగ నిలబడి ఉంది. ఏమన్నారో తెలీదు, ఎవరినన్నారో తెలీదు. వీళ్ళు నవ్వుతున్నారు గనక అదీ నవ్వుతోంది.

ఆ నవ్వు తలుచుకుంటే సోములమ్మ ఇప్పటికీ చేస్తున్న పని ఆపి కాసేపు అలా కూర్చుండిపోతుంది.

ఇంతలో ఏటిబాబు జబ్బు బడికి అంటుకుంది. పిల్లలు ఏది చెప్పినా చెవి వెనక చెయ్యి పెట్టి "ఏటి?" అనేవారు. పలకలు తీయండ్రా అంటే వచ్చినవాళ్ళందరి అరచేతులూ లేచేవి. దేవీప్రసాద్ బెత్తం ఎత్తాడు. "సార్, మిమ్మల్నే వెక్కిరిస్తున్నారండి."

"ఏటి?" అన్నారు వరహాలరావు గారు.

"వెక్కిరింపండి."

"ఏటి?"

"సరదాగా ఉందండి," అని బెత్తం దించేశాడు.

పిల్లల నుంచి ఆ అలవాటు ఇళ్ళకెళ్ళింది, ఇళ్ళ నుంచి బోరింగు దగ్గరికెళ్ళింది. భీముడి జీపులో ఎక్కినవాళ్ళంతా దిగాల్సిన చోటు దాటి దిగడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి పనసగూడలో ఒక మాట ఒక్కసారికే విన్న మనిషి లేడు. చెప్పేవాళ్ళూ అలవాటు పడ్డారు. ఎదురుగా నిలబడి, మొహంలోకి చూసి, పెదాలు బాగా కదిపి, నిదానంగా చెప్పేవారు.

రెండో ఏడు చలికాలం. ఆ రోజు అన్నంతో గుడ్డు ఇస్తారని పిల్లలంతా పళ్ళేలతో వరసకట్టారు. సోములమ్మ గంపలోని గుడ్లు తీస్తూ చూసేసరికి ఆ వరసలో గంగ ఉంది. ఎప్పుడొచ్చిందో, పళ్ళెం ఎక్కడ దొరికిందో తెలీదు. ముందున్న సోని అనే పిల్ల వెనక్కి తిరిగి ఏదో అడిగింది. గంగ చెవి వెనక చెయ్యి పెట్టి, "ఆఁ?" అంది. సోని నవ్వలేదు. పక్కవాళ్ళూ నవ్వలేదు. ఆ ఊళ్ళో అందరూ చేసేదే గదా. సోని గంగ మొహంలోకి వంగి, నిదానంగా, "గుడ్డు. కావాలా?" అంది. గంగ ఆ పెదాల వైపు చూసి తల ఊపింది.

వరహాలరావు గారు బడి అరుగు మీద అటు తిరిగి కూర్చుని ఉన్నారు. పైడితల్లి సోములమ్మ చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడింది. "బేగి దాన్ని లోపలికి లాగీవే. ముసిలోడు సూసినాడంటే జీపెక్కించీస్తాడు."

"ఎవులూ ఎక్కించరమ్మా," అన్నారు వరహాలరావు గారు, వెనక్కి తిరగకుండానే. "ఊళ్ళోనే సదువుకుంటాది."

పైడితల్లి చేతిలోని గుడ్డు జారి పగిలింది. సోములమ్మ అక్కడే చతికిలబడింది. ఏడాదిన్నరగా ఈ మనిషి విస్తరి పక్కన నిలబడి తను అన్న మాటలన్నీ ఒకటొకటే గుర్తొచ్చి, ముసుగేసుకుందామంటే పైట చాల్లేదు.

"బాబూ, మీకు ఇనపడతాదా?" అంది చివరికి.

"ఏటి?" అన్నారు, అలవాటు కొద్దీ. తరవాత ఆయనే నవ్వి, "పుట్టినకాడ్నుంచీ ఇనపడతాది" అన్నారు.

"మరి నాను అన్నవన్నీ..."

"ఇన్నాను. పులుసులో ఉప్పెక్కువని పైడితల్లన్నది సూడు, అదొక్కటే న్యాయంగా అనిపించింది."

సోములమ్మ నవ్వలేదు, తల వంచుకునే ఉంది. ఆయన ఆవిడకి మాత్రమే వినపడేలా అన్నారు. "మా సెల్లికి సెవుడు. ఏదైనా రెండోసారి అడిగితే ఇంటిల్లిపాదీ కసిరీవోళ్ళం. నాను అందరికంటే ఎక్కువ కసిరీవోణ్ణి. తరవాత అది అడగడవే మానీసినాది. నువ్వు సిగ్గుపడకమ్మా. ఆ పని నాను సాలా ఏళ్ళ నుంచి సేత్తన్నాను."

"గంగ సంగతి మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే ముసలమ్మలు సెప్పినారు. తల్లి నోటితో సెప్పకుండా నా సేత్తో రాస్తే, అది నీకు కూతురు కాదు, నాకు లెక్కవుద్ది."

సోములమ్మ లేచి చీర దులుపుకుంది. తిన్నగా దేవీప్రసాద్ బల్ల దగ్గరికెళ్ళి, "నాకు పిల్లలు ముగ్గురు మేష్టారు. పెద్దదాని పేరు గంగ. రాయండి" అంది.

మాస్టరుది ఏడాదిన్నర అలవాటు. చెయ్యి చెవి వెనక్కి దానంతటదే పోయింది. "ఏటి?"

"ముగ్గురు. పెద్దది గంగ. దానికి సెవులినపడవు."

"ఏటి?"

మూడోసారి సోములమ్మ ఎంత గట్టిగా చెప్పిందంటే, బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి ఇటు చూశారు. ఆ చూపులకి ఆవిడ మొహం కందింది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు. దేవీప్రసాద్ ‘శూన్యం’ కొట్టేసి, పక్కన ఒకటి వేశాడు.

పాడేరులో చెవి మిషన్లు ఇచ్చే రోజున తల్లీకూతుళ్ళు భీముడి జీపులో వెళ్ళి, సాయంత్రానికి అదే జీపులో తిరిగొచ్చారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె, జేబులో పెట్టుకోవాలి. దాన్నుంచి చెవికి తీగ. అందులో వేసే సెల్లులు అయిపోయినప్పుడల్లా వరహాలరావు గారు ఆఫీసుకెళ్ళి కూర్చునేవారు. వచ్చేవారం ఇస్తామండి అని అక్కడివాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా, పాపం, ఆయనకి వినపడేది కాదు.

గంగకి ఆ మిషనుతో మాటలన్నీ ఒక్కరోజులో రాలేదు. కానీ పెట్టె పక్కన చిన్న మీట ఉందని, నొక్కితే లోకం ఆగిపోతుందని మొదటి వారంలోనే కనిపెట్టింది. దేవీప్రసాద్ ఎక్కాలు మొదలుపెడితే నొక్కేది. తల్లి తిట్లు మొదలుపెడితే తప్పకుండా నొక్కేది. సోములమ్మ వదిలేదా? చేతిలో గరిటెతోనే తిరిగొచ్చి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, మొహంలోకి చూసి, పెదాలు బాగా కదిపి, మొదటి నుంచీ తిట్టాల్సి వచ్చేది. "గిన్నెలు. ఎందుకు. తోమలేదే."

అంత నిదానంగా ఎవరినైనా తిట్టడం ఎవరివల్లా కాదు. రెండో మాటకే సోములమ్మకి నవ్వొచ్చేసేది.