గొట్టంలోంచి వచ్చిన చేప

నా చిన్నప్పుడు మా ఆయిలింజను గొట్టంలోంచి జానెడు చేప ఒకటి ఎగిరొచ్చి మా నాయనమ్మ ఒళ్లో పడింది. పడిందని నేను చెప్పా. విన్నవాళ్లు నవ్వారు. ఒక్కాయన మాత్రం నవ్వుతూనే నమ్మాడు. ఆ నమ్మినాయన సంగతే ఇది.

కోతలు కొయ్యడం నాకు పుట్టుకతో వచ్చింది. మా ఊరు జగ్గయ్యపేటకీ వత్సవాయికీ మధ్యన, మెట్టలో. అక్కడి ఎండకి మిరపకాయలు చెట్టుమీదే వేగుతాయనీ, మేం కంచాలు పట్టుకుని తోటలోకే వెళ్లి అన్నంలో నంచుకుంటామనీ నందిగామ నుంచి వచ్చిన చుట్టాలకి చెప్పేదాన్ని. మా కోడిపుంజు బస్సెక్కి పేటకెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చిందని బడిలో చెబితే, పంతులుగారు నన్ను కొట్టబోయి, నవ్వాపుకోలేక బెత్తం కింద పడేసుకున్నారు. ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు. మా తాతయ్య తిట్టేవాడు కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు సగం మూసి, చుట్ట కాలుస్తూ వినేవాడు. నా కోతల విలువ తెలిసిన మనిషి ఈయనొక్కడే అని మురిసిపోయేదాన్ని. నిజంగానే తెలుసు ఆయనకి.

అవి ఆయిలింజన్లు మా వైపు కొత్తగా దిగుతున్న రోజులు. అంతకుముందు బావిలో నీళ్లు తోడాలంటే మోటే దిక్కు. పెద్ద తోలు బొక్కెనకి మోకు కట్టి, గిలక మీదుగా ఎద్దుల కాడికి తగిలించి, వాటిని వాలుదారిలో కిందికి తోలితే బొక్కెన పైకొచ్చేది. వెనక్కి నడిపిస్తే మళ్లీ బావిలోకి దిగేది. తెల్లవారుజామున మొదలెడితే ఎండెక్కేదాకా అదే నడక. అలాంటిది, ఒక ఇనప యంత్రానికి హ్యాండిలేసి నాలుగు తిప్పులు తిప్పితే తొడంత లావు ధార దూకుతుందంటే ఎవరాగుతారు? పేటలో ఇంజన్లమ్మే కొట్టు ముందు రైతులు నిలబడి గంటలకొద్దీ చూసేవాళ్లు. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు.

మా ఊళ్లో ఇంజను తెచ్చినవాళ్లలో మా తాతయ్యే మొదటివాడు. ఉన్న ఎద్దుల్ని అమ్మేసి మరీ తెచ్చాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద కాబట్టి పాస్టరుగారొచ్చి ఇంజను మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. క్రిస్మస్ దాకా అది మహారాజులా నడిచింది. తర్వాత బావిలో నీళ్లు కిందికి దిగిపోయాయి. ఇంజను మోగేది, పొగొచ్చేది, గొట్టంలోంచి మాత్రం తేన్పు లాంటి చప్పుడు తప్ప చుక్క రాలేదు. పేట నుంచి మెకానిక్కు వచ్చాడు. తాడుకి రాయి కట్టి బావిలోకి దింపి, పైకి లాగి, తడిసిన చోటు చూసి సంగతి చెప్పాడు. పంపు నీళ్లని పీల్చి పైకి తెస్తుందట. నీళ్లు పాతిక అడుగుల కిందికి పోతే దాని ఊపిరి చాలదట. ఇంజనుది ఏ తప్పూ లేదు, బావి గోడ తొలిచి ఇంజన్నే కిందికి దించుకోండి అన్నాడు. మా వైపు రెండు మూరల మట్టి దాటితే అంతా నాపరాయి. తూటాలు పెట్టి పేలిస్తే తప్ప ఊడి రాదు. తాతయ్య అతనికి మజ్జిగిప్పించి పంపించాడు. పంపించాక ఇంజన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఆ తన్ను నేను చూశా. ఆ ఏడు మా మిరపతోట కాపు మధ్యలోనే మాడిపోయింది. తెగులు తగిలిందని ఊళ్లో అనుకున్నారు, తాతయ్య కాదనలేదు.

ఇంకొకరైతే ఆ కొట్టు మీదికి పోట్లాటకి పోయేవాళ్లు. మా తాతయ్య ఇంజను మీద గోనెపట్టా కప్పి, వానల కోసం కాచుక్కూర్చున్నాడు.

మా పక్కచేను బాబాయ్ మాకు చుట్టమేం కాదు. ఒకే చర్చి కాబట్టి వరసలు. మా తాతయ్యని పెదనాన్నా అనేవాడు. ఆయనకీ పిన్నికీ పిల్లల్లేరు. ఉన్నదల్లా కౌలుకి తీసుకున్న రెండెకరాలు, అందులో ఒక బావి, ఒక జత ఎద్దులు. ఒకటి గోధుమరంగు పుల్లెద్దు, ఒకటి బూడిదరంగు మైలెద్దు. అలాంటి జత మా చుట్టుపక్కల ఊళ్లలో లేదు. ఆయన గట్టు మీద నిలబడి “హో... రా నాయనా” అంటే చాలు, అవే వాలులోకి దిగేవి, అవే వెనక్కి నడిచేవి. చెర్నాకోల ఉండేది గానీ అది ఆయన వీపు గోక్కోడానికి పనికొచ్చేది. నేను వెళితే పిన్ని జొన్నకంకులు కాల్చి, ఊచబియ్యం నలిపి నా గౌను ఒళ్లో పోసేది. బదులుగా నేనొక కోత కోసేదాన్ని.

దసరా ముందు వానలకి బావులన్నీ నిండాయి. మా బావిలో వంగి చెంబుతో ముంచుకోవచ్చు. తాతయ్య గోనెపట్టా తీసి, ఇంజన్ని తళతళలాడేలా తుడిచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపించాడు. వాన పడ్డ చేనుకి నీళ్లెందుకని నాయనమ్మ అడిగితే, చేనుకి కాదులే అన్నాడు.

ఆ చప్పుడుకి బాబాయ్ వచ్చాడు. ఆయన ఇంజన్ని చూసిన తీరు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. సంతలో ఎద్దుని చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు. పక్కన అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. చెవి దగ్గర పెట్టి ఊపిరి విన్నాడు. ఎంత తాగుతుంది, పొద్దున్నే మొండికేస్తుందా, ఎండలో ఆగుతుందా అని అడిగాడు. మర్నాడు మళ్లీ వచ్చి, తన ఎద్దులు రొప్పుతూ నీడన పడుకునే వేళకి కూడా ఇది అదే పాట పాడుతోందని ఆశ్చర్యపోయాడు. మూడో రోజు పిన్నిని తీసుకొచ్చాడు. పిన్ని ధారలో చెయ్యి పెడితే ఆ ఊపుకి గాజులు మణికట్టు నుంచి మోచేతి దాకా ఎక్కాయి. ఎద్దు గురించి అడగవలసినవన్నీ ఆయన అడిగాడు. లోతు సంగతి అడగలేదు. ఎద్దుకి లోతుతో పనిలేదు మరి. మోకు ఇంకో పది బారలు పొడిగిస్తే ఇంకో పది బారలు నడుస్తుంది. నీళ్లు కింద ఉంటే లాగనని మొరాయించే జంతువు ఒకటి ఉంటుందని ఆయన ఊహకే అందలేదు.

చివర్లో మాత్రం, వెళ్లబోతూ, ఆ ప్రశ్న అంచుదాకా వచ్చాడు. “వేసంగిలో కూడా ఇట్టాగే పోసిందా పెదనాన్నా?”

తాతయ్య దూరంగా ఆడుకుంటున్న నన్ను పిలిచి, నా తలమీద చెయ్యేశాడు.

“నేను చెబితే ఇంజనిచ్చి ఎద్దుల్ని పుచ్చుకునేవాడి మాటంటావు. పసిపిల్లనడుగు. ఇదెప్పుడూ బావి దగ్గరే ఉండేది.”

నాకు తెలుసు. ఆ తన్ను చూసినదాన్ని. కానీ ఇద్దరు పెద్దవాళ్లూ పిన్నీ నా నోటివంక చూస్తూ నిలబడ్డారు, అంతమంది అలా చూడ్డం నాకదే మొదలు. మొదలుపెట్టా. మండుటెండల్లో ఇంజను ఎంత గట్టిగా పీల్చిందంటే అడుగునున్న చేప గొట్టంలోంచి ఎగిరొచ్చి నాయనమ్మ ఒళ్లో పడిందన్నా. వెనకాలే కప్ప వచ్చిందన్నా. అంతకు ముందేడు బావిలో జారిపోయిన మా ఇత్తడి చెంబు వచ్చి నాయనమ్మ నెత్తిన ఠంగుమని తగిలిందన్నా. పిన్ని నవ్వలేక గట్టు మీద చతికిలబడింది. బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు.

“చేపల సంగతి సరేగానీ అమ్మా, నీళ్లయితే వచ్చాయి కదా?”

“ఓ, బోలెడు” అన్నా.

అప్పటిదాకా నేను కోసినవి కోతలు. ఆ ఒక్కటీ అబద్ధం. రెంటికీ తేడా ఉందని నాకప్పుడు తెలియదు.

మర్నాడు ఇంజను వాళ్ల బావి మీదికీ, ఎద్దులు మా పాకలోకీ వచ్చేశాయి. పంపించేముందు బాబాయ్ వాటికి స్నానం చేయించి, ఇద్దరికీ చెరో బెల్లం ముక్క పెట్టాడు. ముసలాయనకి మతి పోయింది, ఇంజనిచ్చి ఎద్దుల్ని తీసుకున్నాడని ఊరంతా నవ్వింది. తాతయ్య కూడా వాళ్లతోపాటు నవ్వాడు. మూలనున్న పాత తోలుబొక్కెనకి ఆముదం రాసి మెత్తబరిచి మోట కట్టాడు.

క్రిస్మస్ దాటింది. కొత్త సంవత్సరం ప్రార్థన దాటింది. బాబాయ్ తోటలో కాయ పచ్చగా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్న రోజుల్లో ఇంజను తేన్చింది. మళ్లీ అదే మెకానిక్కు, అదే తాడు, అదే రాయి. నేను అప్పుడు పిన్ని నలిపిచ్చిన ఊచబియ్యం తింటూ అక్కడే ఉన్నా. అతను రాయి పైకి లాగి, “ఈ మాట కిందటేడే మీ పెదనాన్నగారి బావి దగ్గర చెప్పాను కదండి, ఆయన మీతో అనలేదా?” అన్నాడు. బాబాయ్ నావంక తిరిగి చూశాడు. నేను ఒళ్లో ఊచబియ్యం దులిపేసుకుని ఇంటికి పరిగెత్తా.

సాయంత్రం మా అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎద్దుల్ని తిరిగిమ్మని అడగలేదు. మూడు తడులకి మాత్రం ఇమ్మన్నాడు, కాయ పండేదాకా.

“మూడు రోజులు పొద్దస్తమానం నడిపించి చూసుకున్నావు. నేనొక్క అబద్ధం ఆడానట్రా?” అన్నాడు తాతయ్య.

బాబాయ్ ఆ మూడు రోజులూ గుర్తు చేసుకున్నాడు. “లేదు పెదనాన్నా.”

ఒక జతని రెండు బావుల మీద తోలితే ఎండలకి పడి చస్తాయని తాతయ్య ఓపిగ్గా వివరించాడు. పాకలో ఉన్న ఎద్దులు బాబాయ్ గొంతు విని, పలుపులు తెంపుకునేలా గింజుకున్నాయి. ఆ ఆదివారం చర్చిలో, ఎండిపోతున్న సహోదరుడి తోటని ప్రభువు కనికరించాలని తాతయ్య కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. బాబాయ్ కూడా అన్నాడు.

ఇంటికొస్తూ దారిలో నేను తాతయ్యని అడిగా, వేసంగిలో రాదని బాబాయ్‌కి ఎందుకు చెప్పలేదని. ఆయన ఆగి, చెదిరిన నా జుట్టు చెవి వెనక్కి సర్ది, ప్రేమగానే అన్నాడు.

“నేనేం చెప్పలేదే. చెప్పింది నువ్వు.”

మర్నాటి నుంచి బాబాయ్, పిన్ని మోట లాగడం మొదలెట్టారు. తోలుబొక్కెన ఇద్దరు మనుషులు కదిలించేది కాదు. ఇంజనుకి నూనె తెచ్చుకున్న ఖాళీ డబ్బాలు రెంటిని జతగా మోకుకి కట్టి, ఆ మోకు భుజాలకేసుకుని ఇద్దరూ వాలులోకి దిగేవాళ్లు. అలవాటు కొద్దీ బాబాయ్ నోటినుంచి “హో... రా నాయనా” వచ్చేది. అది వినగానే మా బావి దగ్గర పుల్లెద్దూ మైలెద్దూ వాలులోకి దిగేసేవి. అవతల వాళ్లిద్దరూ, ఇవతల ఇవి రెండూ, ఒకే పిలుపుకి నడిచేవి.

నేను దాక్కుని చూస్తుంటే బాబాయ్ పిలిచాడు. “రా అమ్మా. ఇట్టా గట్టు మీద కూర్చుని ఆ చేప కత చెప్పు. నవ్వుకుంటా లాగుతాం.”

నన్ను క్షమించాడనుకున్నా. చెప్పా. ఎవరూ నవ్వలేదు. మర్నాడూ పిలిచాడు. రోజూ పిలిచేవాడు, నేనూ రోజూ వెళ్లేదాన్ని. వెళ్లకుండా ఎందుకుండలేకపోయానో ఇప్పటికీ చెప్పలేను. కప్పని మర్చిపోతే, తర్వాత కప్పొచ్చిందన్నావే అని గుర్తు చేసేవాడు. చివర్న తనడిగిన ప్రశ్న, నా జవాబు కూడా చెప్పాలి. అక్కడికొచ్చి నేను నోరు మూసుకుంటే ఆయన నడక ఆపేసేవాడు. డబ్బాలు బావి మధ్యలో వేలాడుతుండగా, మోకు భుజాన్ని కోస్తుండగా, పిన్ని పళ్లు బిగబట్టుకుని నిలబడి ఉండగా, ఊరికే ఎదురుచూసేవాడు. “బోలెడు” అని నేనంటే అప్పుడు కదిలేవాడు.

కాయ పండకుండానే మొక్కలు తలలు వాల్చేశాయి. ఒకరోజు డబ్బాల్లో నీళ్లకి బదులు బురదొచ్చింది. బాబాయ్ భుజం మీది మోకు తీసి, ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

“చూడు, చేపుందేమో.”

చెయ్యి పెట్టా. చల్లటి బురద మోచేతి దాకా వచ్చింది. లేదన్నా.

“సరిగ్గా వెతుకు.”

ఆయన మొహంలో కోపం లేదు. ఇంజను దగ్గర ఆ మూడో రోజు నా మాట కోసం ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాడు. నేను ఏడుస్తూ అడుగుదాకా వెతికా. పిన్ని వచ్చి నా చెయ్యి బయటికి తీసి కొంగుతో తుడిచింది. వదిలెయ్, పసిది అంది.

“పసిదనేగా నమ్మింది” అన్నాడు బాబాయ్.

చేను వదిలేసి వాళ్లిద్దరూ పేట దగ్గర సున్నపురాయి క్వారీలో రాళ్లు కొట్టడానికి వెళ్లిపోయారు. కౌలుచేనులో అనాథలా పడివున్న ఇంజన్ని తుప్పు పట్టిపోతుందంటూ తాతయ్య మా పాకలోకి తెప్పించాడు. గోనెపట్టా కప్పి, వానల కోసం కూర్చున్నాడు.

వానలొచ్చాయి. ధార చూసి కీసర వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. బండి వెనకాల కట్టి తెచ్చిన కోడెల్ని కూడా చూశా. ఇంజనంతా చూసుకున్నాక అతను వేసంగి సంగతి అడిగాడు. తాతయ్య నన్ను పిలిచి తలమీద చెయ్యేశాడు. ఆ చెయ్యి ఎంత బరువుందో నాకప్పుడే తెలిసింది. ఒకటే మాట అన్నా. తాడుకి రాయి కట్టి మీ బావి లోతు చూసుకు రండి, పాతిక అడుగులు దాటితే ఇది లాగదు. అతను తాతయ్యవంక చూశాడు, కోడెలవంక చూశాడు, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. తాతయ్య నన్ను కొట్టలేదు. చెయ్యి తీసేశాడంతే. బతికున్నన్నాళ్లూ మళ్లీ నా కోత ఒక్కటీ వినలేదు.

కోతలు నేనింకా మానలేదు. మా పుంజు ఇప్పుడు రైలెక్కి మద్రాసు దాకా వెళ్లొస్తోంది. కానీ నా మాట పట్టుకుని ఎవరైనా ఏదైనా కొనబోతున్నారని తెలిస్తే చాలు, కోత అక్కడికక్కడే ఆపేస్తా. రాయి కట్టి చూసుకోమంటా. చేప కత మాత్రం ఆ రెండు బావిగట్ల మీద తప్ప ఇన్నేళ్లలో ఎక్కడా చెప్పలేదు. ఇవాళ ఇది రాస్తూ మధ్యలో ఆగినప్పుడల్లా చూసుకుంటున్నా. కుడిచేతి వేళ్లు వాటంతటవే ఒళ్లో దేన్నో వెతుకుతున్నాయి.