పీలిక కట్టిన కొమ్మ

గిడ్డమ్మ ఆకుకూరల తట్టలో ఎప్పుడూ ఒక పనికిరాని కొమ్మ ఉండేది. దానికి పాత చీర పీలిక కట్టి, అమ్మే ఆకు మీద అడ్డంగా పెట్టుకునేది.

2003లో మేము ఆత్మకూరులో అంగళ్ల వీధిలో ఉండేవాళ్లం. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మా పాపకు రెండేళ్లు. వరస కరువులు. సంతలో కూరగాయల జోలికి పోలేని ఇళ్లకు గిడ్డమ్మ బీళ్లలో కోసి తెచ్చే తగిరిసాకే కూర. యాభై దాటిన ఒంటరి మనిషి. ఆ తట్ట తప్ప ఆమెకు వేరే బతుకు లేదు.

తగిరిస పక్కనే కసివింద మొలుస్తుంది. రెండూ దగ్గరి జాతులు. రెండింటికీ పసుపు పూలే. తగిరిసకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం. కసివిందకు నాలుగైదు జతలు, కొసలు సూదిగా ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు చదువుకున్న కళ్లు కూడా తడబడతాయి. గిడ్డమ్మ కళ్లతో చూసేదే కాదు. కాడ మీద బొటనవేలు నడిపేది. కాడ మొదట్లోనే చిన్న బొడిపె తగిలితే కసివింద, ఆకుల నడుమ తగిలితే తగిరిస. నేను పుస్తకం చూసి పిల్లలకు చెప్పే గుర్తు కూడా అదే.

పీలిక కట్టింది తినకూడని కసివింద కొమ్మ. కొనే ప్రతి ఇల్లాలి చేతా దాన్ని తడిమించేది, నలిపి వాసన చూపించేది. పక్కన పూలమ్మే కృపమణి నవ్వేది.

"దొంగని సంకన బెట్టుకోని తిరుగుతాండావే గిడ్డక్కా!"

"దొంగ మొగం సూపిచ్చకుంటే ఈళ్లకెట్ల తెలుస్తాది? రేపు నేను సచ్చినాక ఈ అమ్మగార్లు బీట్లోకి పోయి ఏం పెరుక్కొచ్చుకుంటారో."

"నువ్వు సచ్చేదాంకా ఈళ్లుంటే గదా!"

ఆ ఏడు వాన ఆలస్యంగా, సెప్టెంబరులో పడింది. ఒక సోమవారం మధ్యాహ్నం, మూలమీది కిరాణా అంగడి రామకోటయ్య శెట్టి మనవరాలు శ్రీవాసవికి వాంతులు పట్టుకున్నాయి. ఐదేళ్ల పిల్ల. చీకటి పడేసరికి ఫిట్స్ వచ్చి స్పృహ పోయింది. కర్నూలు తీసుకుపోయారు. ఆకుగానీ గింజలుగానీ ఏమైనా తిన్నదా అని అక్కడి డాక్టరు అడిగాడట. తండ్రి ఫోను చేశాడు. ఆదివారం ఆ ఇంట్లో తగిరిసాకు పప్పు. మా ఇంట్లోనూ అదే. మా పాపకూ అన్నంలో కలిపి పెట్టాను.

మంగళవారం పొద్దున గిడ్డమ్మ ఏమీ తెలియక తట్టతో వచ్చింది. రామకోటయ్య అంగడి దిగి తట్టను కాలితో తన్నాడు. ఆకు రోడ్డంతా పడింది.

"మేడమ్‌ను పిలవండి. చదువుకున్నామె చూసి చెప్తాది," అన్నాడు.

పాపను చంకనేసుకునే వెళ్లాను. కూర్చుని ఆకు తిరగేశాను. పిడికిలి తర్వాత పిడికిలి, అంతా తగిరిసే. అడుగున ఒక కొమ్మ దొరికింది. ఐదు జతలు, సూది కొసలు.

"ఇది కసివింద," అన్నాను. "విషం."

అది నిజమే. తల ఎత్తితే రామకోటయ్య చెప్పు కింద చీర పీలిక కనిపించింది. తన్నినప్పుడు ఊడిపోయింది. ఆ మాట చెప్పాలి. ఆదివారం తిన్న మా పాప నా చంకలో ఆడుకుంటోందని కూడా చెప్పాలి. చుట్టూ నలభై మంది. పాపను ఇంకో చంకకు మార్చుకుని పక్కకు జరిగాను.

"తినవే," అన్నాడు రామకోటయ్య.

గిడ్డమ్మ దుమ్ములోంచి తగిరిసాకు పిడికెడు తీసి పచ్చిదే నమిలి మింగింది. "సూడప్పా. నా ఆకులో తప్పు లేదు."

ఆయన కసివింద కొమ్మ ఆమె మూతికి ఆనించాడు. "ఇదీ తిను."

"ఇది తినేది కాదు సామీ. తినగూడదనే గదా నేను తెచ్చి సూపిచ్చేది!"

"ఇన్నారా? దీని నోటితోనే ఒప్పుకునె!"

తర్వాత చెప్పులు లేచాయి. మొదటి దెబ్బ ఆడవాళ్లదే. ఆమె దగ్గర కాడలు తడమడం నేర్చుకున్నవాళ్లే. కృపమణి పూలబుట్ట సర్దుకుని లేచి వెళ్లిపోయింది. గిడ్డమ్మ పై పన్ను ఒకటి ఊడింది. తట్ట తగలబెట్టారు.

శ్రీవాసవి బుధవారం పోయింది.

పదకొండో రోజు ఆ పిల్ల అవ్వ, రామకోటయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ చీరకొంగులో లక్కపిడత దాచుకుని మా ఇంటికి వచ్చింది. పిల్ల బువ్వాలాట కుండ అది. లోపల ఒలిచిన పచ్చి గింజలు.

"ఇవేం గింజలు మేడమ్?"

కసివిందవి. వాళ్ల దొడ్లోనే, మురుగుకాలవ తడికి ఏపుగా పెరిగిన పొద నిండా కాయలే. పిల్ల వాటిని ఒలిచి ఉత్తుత్తి పప్పు వండి, తానే తినేసింది.

రాజ్యలక్ష్మమ్మ పిడతను మళ్లీ కొంగులో చుట్టుకుంది. "ఆయనకు తెలిస్తే బతకడు," అంది. "ఆ ఆకులదాందేముంది, యాడన్నా బతుకుతాది."

ఆ సాయంత్రం పొద పీకించింది. నేను ఎవరికీ చెప్పలేదు.

2006లో నంద్యాల బస్టాండులో గిడ్డమ్మే నన్ను గుర్తుపట్టింది. ఆత్మకూరు చుట్టుపక్కల ఏ ఊరిలోనూ ఎవరూ ఆమె దగ్గర ఆకు కొనలేదట. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే పనిలో ఉంది. బొటనవేలు చూపించింది. రాతి పొడికి చర్మం అరిగి, గాజులా నున్నబడింది.

"బొడిపె తగిలేది లేదింక. వేడీ తెలీదు, సల్లనా తెలీదు."

లక్కపిడత సంగతి చెప్పేశాను. మూడేళ్ల తర్వాత, బస్టాండులో, గొంతు తగ్గించి. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నా పీలిక శెట్టి కాలికింద ఉండె. నువ్వు సూస్తివి. నువ్వు సూసేది నేను సూస్తి."

నేను తల వంచుకున్నాను. ఆమె మా పాప వైపు చూసింది. పాపకు ఇప్పుడు ఐదేళ్లు.

"సరేలే. మళ్లా ఆకు తెస్తే కొంటావా మేడమ్మా?"

ఎగతాళి కాదు. అడిగి, నిజంగానే నా మొహంలోకి చూస్తూ ఆగింది. నేను ఒక్కదాన్ని కొంటే వీధి కొంటుందని ఇద్దరికీ తెలుసు. నా కళ్లు ఆమె బొటనవేలి మీదికి పోయాయి.

బస్సు వచ్చింది. పాపను ఎత్తుకుని ఎక్కేశాను.