బెల్లానికి పడనిది రాజ్యం అత్త పసుపు కాదు

నిన్న తెల్లారగానే నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందమ్మా" అన్నాడు.

"ఏ అత్త?" అన్నాను.

నిజంగానే అలా అడిగాను. మొన్న సాయంత్రం దాకా కొట్లో కూర్చుని కందిపప్పు తూచిన మనిషి ఆ మాటకి ఎలా గుర్తొస్తుంది?

నిద్రలోనే అంట. గుండె.

హైదరాబాద్ నుంచి జగ్గయ్యపేట దాకా బస్సులో ఏడుపు రాలేదు. ఒక పిల్లి గుర్తొస్తూనే ఉంది.

ఈ పోస్ట్ మనవాళ్ళ కోసమే. దండం ఎమోజీ పెట్టేముందు దయచేసి చివరిదాకా చదవండి.

రాజ్యం అత్త మా నాన్నకి అక్క. మామయ్య పోయాక కిరాణా కొట్టు ఒక్కతే నడిపింది. బియ్యం బస్తాలకి ఎలుకల బెడద, అందుకని పిల్లి. బెల్లం రంగులో ఉంటుందని దాని పేరు బెల్లం. "జీతం అడగని గుమాస్తా" అనేది దాన్ని.

మూడేళ్ళ కిందట, నేను సెమిస్టర్ సెలవులకి అత్త దగ్గరున్నప్పుడు, బెల్లానికి పేలు పట్టాయి. నల్లవి, పట్టుకోబోతే గెంతేవి. పాపం రక్తం వచ్చేలా గోక్కునేది.

అత్త వైద్యం అత్తకుంది. వేపాకు కాచిన నీళ్ళతో తుడిచేది. వేపనూనెలో పసుపు కలిపి మెడ వెనక కాస్త రాసేది. మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలదువ్వెనతో దువ్వేది. దొరికిన ప్రతి పేనూ సబ్బునీళ్ళ గ్లాసులోకి.

బజార్లో వాళ్ళు కూడా కుక్కపిల్లల్నీ మేకపిల్లల్నీ తెచ్చి సలహా అడిగేవాళ్ళు. అప్పుడు చూడాలి ఆవిడ ముఖం.

నాకు అదంతా చిరాకు. విజయవాడలో నా ఫ్రెండ్ తన లాబ్రడార్‌కి వాడగా మిగిలిన పేల మందు డ్రాప్స్ బ్యాగులోంచి తీశాను.

అత్త ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పింది.

"దీనిమీద కుక్క బొమ్మ ఉందేంటే?"

"బొమ్మ చూసి మందేస్తారా అత్తా? ఎవరి మీదున్నా పేలు పేలేగా!"

"ఏమో తల్లీ, చదువుకున్నదానివి."

పిల్లులకు వాడరాదని వెనక చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే.

చదవలేదు. బెల్లం మెడ మీద వేసేశాను.

మధ్యాహ్నానికి బెల్లం వణకడం మొదలుపెట్టింది. నోట్లో నురగ. కాళ్ళు కొట్టుకుంటోంది. ఆ రోజు ఆదివారం, ఊళ్ళో పశువుల డాక్టర్ లేరు. అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో నందిగామ బయల్దేరాను. కొట్టు కట్టేసి తనూ వస్తానంది అత్త. నేనే వద్దన్నాను.

అప్పటికే నాకు అనుమానం. అందుకే వద్దన్నాను.

అక్కడి డాక్టర్ ముందు బెల్లాన్ని సబ్బుతో కడిగించి, ఇంజెక్షన్ ఇచ్చి, అప్పుడు అడిగారు. "కుక్కల మందు వేశారా?"

తలూపాను. ఊరుకోకుండా, "మా అత్త వేపనూనె, పసుపు కూడా రాసిందండి" అని కలిపాను.

"వేపనూనె నేనూ వద్దంటాను, నాక్కుంటాయి కదా. కానీ ఈ వణుకు దానివల్ల కాదమ్మా, నీ డ్రాప్స్ వల్ల. పిల్లులకి వేరే మందు ఉంది, బరువు చూసి ఇస్తాం. దువ్వడం మాత్రం మానొద్దని చెప్పు మీ అత్తగారికి. అది మంచి పని."

ఆ మాటలు విన్నది నేనూ, బెల్లమూ.

దాన్ని రెండు రోజులు అక్కడే ఉంచమన్నారు. ఖాళీ అట్టపెట్టెతో తిరిగొచ్చేసరికి కొట్టు ముందు కబురు తెలిసి వచ్చిన నాన్న, బాబాయ్, పక్కింటివాళ్ళు.

"ఏమన్నాడే డాక్టరు?" అత్త లేచి నిలబడింది.

"బతుకుతుందన్నారు. వేపనూనె, పసుపు పడలేదంట."

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం.

అత్త నా వైపు చూసింది. మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు.

"అయితే నా చేతులారా చేశానన్నమాట" అంది.

కుక్క బొమ్మ సంగతి ఎత్తలేదు. లోపలికెళ్ళి పసుపు గిన్నె కడిగేసింది.

నేను అక్కడితో ఆగానా? ఫ్యామిలీ గ్రూపులో 'నాటువైద్యాలు ఆపండి, సైన్స్‌ని నమ్మండి' అని మెసేజ్ పెట్టాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆవిడ ఇల్లు 'రాజ్యం వైద్యశాల' అయిపోయింది.

"అక్కా, పులిహోరలో పసుపు నువ్వే కలిపావా? అయితే నాకొద్దు, పిల్లలున్నవాణ్ణి" అనేవాడు బాబాయ్.

అత్త కూడా నవ్వేది. కానీ బజార్లో వాళ్ళెవరైనా కుక్కపిల్లని తెస్తే, "నన్నడక్కండమ్మా, నాకు తెలీదు" అని పంపించేసేది.

పోయిన నెల ఫోన్ చేసింది.

"బెల్లం మళ్ళీ గోక్కుంటోందే. ఈసారి వచ్చేటప్పుడు మందు పట్రా. పిల్లి బొమ్మ ఉన్నది చూసి తే."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బావుండేది. అప్పుడైనా సారీ చెప్పాల్సింది. "సిగ్నల్ లేదత్తా" అని పెట్టేశాను.

నిన్న శవం దగ్గర బాబాయ్ మళ్ళీ పిల్లి కథ ఎత్తాడు, కాస్త తేలికపడతామని. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

నేనూ నవ్వాను.

అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పొద్దున, ఇలాంటప్పుడు ఎక్కడికే అంటున్నా వినకుండా నందిగామ వెళ్ళి మందు తెచ్చాను. ముందూ వెనకా మూడుసార్లు చదివి వేశాను. కొట్లో గల్లాపెట్టె తెరిస్తే పేలదువ్వెన కనపడింది. పళ్ళ మధ్య బెల్లం వెంట్రుకలు.

నేను ఆ మాట చేరవేయకపోయినా, దువ్వడం మానలేదు ఆవిడ.

బాబాయ్, ఇక ఆ జోక్ వద్దు. పిల్లిని చంపబోయింది నేను.

అత్తా, నీ దువ్వెన మంచిదేనట. డాక్టర్ మూడేళ్ళ కిందటే చెప్పమన్నారు.

నీమీద ఏ నిందా లేదు. నిశ్చింతగా పడుకో. బెల్లాన్ని నేను చూసుకుంటాను.