సీజర్ సలాడ్‌కు పోపు

నవ్వకుంటే చెప్త. మొన్న ఆదివారం నేను మా ఇంట్ల చికెన్ సీజర్ సలాడ్ చేసిన. చేసిన అంటే, చేద్దామనుకున్న. ఆఖరికి ఏం తిన్నమో ఇప్పుడే చెప్తే మీరు చాయ్ మీద పోసుకుంటరు, జర ఆగుర్రి. నాకైతే ఇప్పటికీ సగం సమజ్ కాలే.

మా గైడ్ మేడం సంగతి మీకు ఎరుకే కదా. రాజమండ్రి దిక్కు ఆమె. మాట మెత్తగ ఉంటది, ఎర్ర పెన్ను మాత్రం మెత్తగ ఉండదు. నా థీసిస్‌ల మూడో చాప్టర్‌ను మూడుసార్లు తిప్పి పంపింది. ఈ నెలాఖరు లోపల ఫారం మీద ఆమె సంతకం పడకపోతే నాకు ఎక్స్‌టెన్షన్ రాదు. అది రాకపోతే ఆరేండ్ల పీహెచ్‌డీ ఖతం, ఊరికి పోయి బాపు వెంబడి పొలంల దిగుడే. ఆ పనన్న సక్కగ వస్తదా అంటే, అదీ రాదు.

అంతకుముందు వారం డిపార్ట్‌మెంట్‌ల ఆమె టేబుల్ ముందట నిలబడ్డ. మేడం డబ్బా మూత తీసి ఆకులు తింటున్నది. డైటింగట. "చికెన్ సీజర్ సలాడ్, శ్రీశైలం. బయటిది. అన్నీ ఇంట్లోనే చేసుకుంటే ఆ రుచే వేరు, కానీ ఎవరు చేస్తారు?" అన్నది. నేనేమనాలె? అవును మేడం అని ఊకోవాలె. నా నోరు ఊకుంటదా?

"మా ఇంట్ల చేస్తం మేడం. ఎప్పుడూ చేస్తనే ఉంటం" అన్న.

ఎందుకన్ననో నాకు తెల్వదు. సీజర్ అంటే ఎవరో రాజని తెలుసు గని, తింటరని ఆ రోజే చూసిన. మేడం చెంచా కింద పెట్టింది. అయితే ఆదివారం లంచ్‌కు మీ ఇంటికే వస్తా, చాప్టర్ ప్రింట్ తీసి పెట్టు, తింటూ చూసేద్దాం, బాగుంటే అక్కడే సంతకం పెట్టేస్తా అన్నది. నాకు సంతోషపడాల్నో ఏడ్వాల్నో తెల్వలే. సరే మేడం అని బయటికొచ్చి మెట్ల మీద కూసున్న.

మా ఇల్లు తెలుసు కదా, తార్నాకల మూడో అంతస్తు, రెండు అర్రలు. అమ్మ ఊరి నుంచి వచ్చి ఉన్నది. సోమవారం ఆమెకు పన్ను పీకించేది ఉండె. అప్పటిదాంక ఒక్క పక్కకెళ్లే నములుతున్నది, గట్టిది ఏది పెట్టినా చాయ్‌ల ముంచుకొని తింటున్నది. మేడం ఇంటికి వస్తున్నదంటే అమ్మ ఇల్లంత రెండుసార్లు కడిగింది. నా ఆరేండ్ల చదువు ఆమె చేతుల ఉన్నదని అమ్మకు తెలుసు.

శనివారం ఫోన్ల మూడు వీడియోలు చూసిన. మొదటాయన ఆకుల మీద పోసే సాస్‌ల పచ్చి గుడ్డు సొన వెయ్యాలె అన్నడు. రెండో ఆమె గుడ్డును ఒక్క నిమిషం ఉడకబెట్టాలె అన్నది. మూడో ఆయన గుడ్డే వద్దు, పెరుగు చాలన్నడు. ముగ్గురూ ఆఖర్ల ఒక ముక్క తిని కండ్లు మూసుకున్నరు. ఎవల్ని నమ్మాలె? నేనైతే ముగ్గుర్నీ నమ్మిన. పచ్చి సొన, ఉడకబెట్టిన గుడ్డు, పెరుగు, మూడూ లిస్టుల రాసుకున్న. మూడు పనులు కలిపితే మూడింతలు మంచిగ అయితదనుకున్న.

ఇగ ఆకు. సూపర్ మార్కెట్‌ల గుండ్రంది ఒకటున్నది, పొడుగుది ఒకటున్నది. ఏది లెట్యూస్ అని కౌంటర్ అమ్మాయిని అడిగిన. రెండూ లెట్యూసే సార్ అన్నది. గుండ్రంది క్యాబేజీ లెక్కున్నది, క్యాబేజీ అయితే మేడం పట్టేస్తదని పొడుగుది తీసుకున్న.

దాని మీద చేపలు. యాంకోవీలట, చిన్న చిన్న చేపలు, ఉప్పు పెట్టి నూనెల ఊరేసి డబ్బాలల్ల వస్తయట. తార్నాకల ఏ షాపుల అడిగినా నా మొఖం చూసిండ్రు. తెలుగుల వెతికితే నెత్తళ్లు అని వచ్చింది. అరె, నెత్తళ్లు నాకు తెల్వనియా? బండేసుకొని అంబర్‌పేట్ మార్కెట్ పోయి పావుకిలో ఎండు నెత్తళ్లు తెచ్చిన. కావాల్సింది నూనెల ఊరిన చేప, నేను తెచ్చింది ఎండల ఎండిన చేప. అయినా చేప చేపే కదా అనుకున్న. సంచి బండికి తగిలిచ్చుకొని వస్తుంటే సిగ్నల్ దగ్గర పక్క బండాయన జర దూరం జరిగిండు.

ఆదివారం పొద్దున్నే షురూ చేసిన. మస్టర్డ్ వెయ్యమన్నరు. మస్టర్డ్ అంటే ఆవాలే కదా, సీసాల వచ్చే పేస్టని నాకేం ఎరుక. పోపుల డబ్బాలకెళ్లి రెండు చెంచాల ఆవాలు తీసి మిక్సీల వేసిన. నెత్తళ్లు, వెల్లుల్లి, నిమ్మరసం, గుడ్లు, పెరుగు అన్నీ వేసి తిప్పిన. వీడియోల తెల్లగ, చిక్కగ అయ్యింది. నాది సిమెంటు రంగుల, నీళ్లు నీళ్లుగ అయ్యింది. నాలిక మీద పెట్టుకుంటే ముందు చేదు, ఎనుక చేప, ఆ ఎనుక మళ్ల చేదు. ఇది ఇట్లనే ఉంటదా, నేను చెడగొట్టిన్నా? అసలుది ఎన్నడూ తినలే, ఎట్ల తెలుస్తది? గిన్నెల పోసి ఫ్రిజ్‌ల పెట్టిన. కిందింటోళ్లు కిటికీలు మూసుకున్న చప్పుడు వినబడ్డది.

చికెన్‌కు ఉప్పు, మిరియాలు రాసి పెనం మీద పెట్టిన. కొయ్యొద్దు, కోస్తే రసం పోతదన్నరు. కొయ్యకపోతే లోపల ఉడికిందో లేదో ఎట్ల తెలుస్తది? ఎవ్వలూ చెప్పలే. బ్రెడ్డు ముక్కలు వెన్నల వేయించిన. అవ్వొక్కటే సక్కగ వచ్చినయ్. ఎర్రగ, కరకర అన్నయ్. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

అమ్మ వంటింటి గడప మీద కూసోని, దవడ మీద చెయ్యి పెట్టుకొని చూస్తనే ఉన్నది. పచ్చి గుడ్డు పోసినప్పుడు ఒకసారి లేచింది, మళ్ల కూసున్నది.

పదకొండున్నర అయ్యింది. చాప్టర్ ప్రింట్ తియ్యాలె, డిపార్ట్‌మెంట్‌కు పోయి మేడంను తోలుకరావాలె. అమ్మా, గా ఆకు జర కడిగి తుంచి పెట్టు, మిగిలింది నేనొచ్చి కలుపుత అని చెప్పి ఉరికిన. నేను చెప్పింది గంతే.

ఆదివారం కదా, క్యాంపస్ గేటు దగ్గర జిరాక్స్ షాపు బంద్. నల్లకుంట దాంక పోయి నలభై పేజీలు ప్రింట్ తీసుకొని వచ్చేసరికి గంటన్నర. మేడం డిపార్ట్‌మెంట్ ముందట కార్ల కూసోని ఉన్నది. నా బండి ఆడనే పెట్టి ఆమె కార్ల ఎక్కిన. పొద్దున్నుంచి ఏమీ తినలేదు శ్రీశైలం, నీ సలాడ్ కోసం కడుపు ఖాళీగా ఉంచుకున్నా అన్నది. 

రెండో అంతస్తు మెట్ల మీద మేడం ఆగింది. గాలి పీల్చింది.

"వెల్లుల్లి పోపు. శ్రీశైలం, మీరు సీజర్ సలాడ్‌కి పోపు పెడతారా?"

పక్కింట్లది కావచ్చు మేడం అన్న. మా అంతస్తుల పక్కిల్లు లేదు. పైకి ఎక్కినకొద్దీ వాసన ఎక్కువైతున్నది. తలుపు తీసి ఉన్నది. అమ్మ కొత్త చీర కట్టుకొని నిలబడ్డది. రండ్రి మేడం అని మంచినీళ్లు ఇచ్చి, నా రాసుకునే టేబుల్ దగ్గర కూసోబెట్టింది. నేను సీదా వంటింట్లకు పోయిన.

పొయ్యి మీద కుక్కర్. పక్కన గిన్నె నిండ పచ్చగ పప్పు, మీద ఎండుమిర్చి తేలుతున్నది. నా ఆకు లేదు. ఫ్రిజ్ తీసిన, నా సాస్ లేదు. పెనం చూసిన, నా చికెన్ లేదు.

"అమ్మా, ఆకు ఏది?" అన్న మెల్లగ.

"పప్పుల ఏసిన."

"నేను తుంచి పెట్టుమన్న కదనే."

"తుంచిన. తుంచినంక ఏం చేస్తరు బిడ్డా, పప్పుల ఏస్తరు."

సాస్ ఏదంటే, గుడ్లు, చేప, వెల్లుల్లి అన్నీ ఉన్నయ్ గని అట్టు పొయ్యుడు మర్చిపోయి పోయినవ్ అనుకున్నదట. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, రెండు చెంచాల శెనగపిండి కలిపి అట్లు పోసింది. చికెన్ లోపల ఎర్రగ ఉన్నదని ముక్కలు కోసి, కారం, పసుపు వేసి వేపింది. బ్రెడ్డు ముక్కలేవి అని అడగలే. పక్కన చాయ్ గ్లాసు చూసిన, అర్థమైంది.

నాకు కోపం వచ్చింది. కోపం కాదు, భయం. నీకు చెప్పింది ఏంది, చేసింది ఏంది అన్న. అమ్మ నా మొఖం చూసి గొంతు తగ్గించింది. "ఆరేండ్ల సంది ఆమె సంతకం కోసం తిరుగుతున్నవ్. ఆమె మొదటిసారి మన ఇంటికొస్తే పచ్చాకు, పచ్చి గుడ్డు పెట్టి పంపుతవా?" అన్నది.  చాప్టర్ చేతుల పట్టుకొని పోయి మేడం ముందట నిలబడ్డ.

అమ్మ ప్లేటు తెచ్చి పెట్టింది. అన్నం, ఆకు పప్పు, నెత్తళ్ల అట్టు, చికెన్ వేపుడు. సీజర్ సలాడ్‌ల ఉండాల్సినయి దగ్గర దగ్గర అన్నీ ఉన్నయ్. ఒక్కటి గూడ ఉండాల్సిన తీరుగ లేదు. మేడం ప్లేటు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, మళ్ల ప్లేటు దిక్కు చూసింది.

"మీ ఇంట్లో సీజర్ సలాడ్ తరచూ చేస్తారటగా అమ్మా?" అని అడిగింది.

"ఏది, గిదా? గీ ఆకు నేను నిన్ననే చూసిన మేడం" అన్నది అమ్మ.

అయిపాయె. నేను ఫ్యాను దిక్కు చూసిన. మేడం పప్పు కలుపుకొని ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. అట్టు తుంచి నోట్ల పెట్టుకొని, నెత్తళ్లు తిని ఎన్నేళ్లయిందో అన్నది. డైటింగ్ సంగతి నేను గుర్తు చెయ్యలే. రెండోసారి పప్పు వడ్డించుకుంటూ అమ్మను అడిగింది. "ఎప్పుడూ చూడని ఆకు కదమ్మా. పప్పులో వెయ్యొచ్చని ఎలా తెలిసింది?"

"నలిపి చూసిన, పసరు వాసన లేదు. కొస కొరికిన, జర చేదున్నది. చేదుంటే చింతపండు పడాలె. చెల్కల తనంతట తనే మొలిచే గునుగుకూర తెచ్చుకున్నా గంతే చేస్తం. వాసనుంటే ఒక పొంగు రానిచ్చి నీళ్లు పారబోస్తం. జిగటుంటే పప్పుల ఎయ్యం, ఏపుతం."

మేడం తినుడు ఆపింది. ఇంకేం కూరలు తెచ్చుకుంటారమ్మా అన్నది. అమ్మ చెప్పుడు షురూ చేసింది. చెంచలికూర ఎప్పుడు మొలుస్తది, తుమ్మికూర ఏ నెలల తింటరు, బాలింతకు ఏది పెడ్తరు, ఏది పెట్టరు, తను ఇవన్నీ ఎవలి దగ్గర నేర్చుకున్నది, ఇప్పుడు మందులు కొట్టబట్టి ఏ కూర కనిపిస్తలేదు. పన్ను నొప్పి గూడ మర్చిపోయింది. మేడం ఎడమ చెయ్యి చాపి పెన్ను అడిగింది. కాగితం ఏదంటే నా చేతుల చాప్టరే ఉన్నది. అది తిరగేసి, ఎనుక తెల్ల దిక్కు రాసుకుంటున్నది. ఒక పేజీ అయ్యింది, రెండయినయ్, ఐదయినయ్.

మీకు నా చాప్టర్ పేరు చెప్పలేదు కదా. ‘గ్రామీణ కుటుంబాల ఆహారంలో సాగు చేయని ఆకుకూరలు’.

చెయ్యి కడుక్కొని వచ్చి మేడం ఆ కాగితాలు ముందు దిక్కు తిప్పింది. పేజీకి పుస్తకాలు రాసిన ముగ్గురు పెద్దమనుషులు ఏం చెప్పిండ్రో రాసిన. ముగ్గురిదీ కలిపిన. గునుగుకూర పేరు ఒక్కసారి గూడ లేదు. మేడం మెల్లగనే అన్నది, గా మెత్తటి గొంతుతోని.

"నీ చాప్టర్‌లో అందరూ ఉన్నారు శ్రీశైలం. మీ అమ్మగారు తప్ప."

సిగ్గయింది. నిజంగ సిగ్గయింది. అబద్ధం దొరికినప్పుడు గూడ అంత కాలే. ఇగ నా పని అయిపోయింది, పొలం పనే నాకు దిక్కనుకున్న. మేడం చాప్టర్ మొదటి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర గీత కొట్టింది. కొట్టి, ఎక్స్‌టెన్షన్ ఫారం ఉందా అన్నది. సంచిల ఉండె, ఇచ్చిన. గడువు ఎందుకు కావాలె అన్న కాడ ‘ఫీల్డ్ వర్క్ మొదలుపెట్టాలి’ అని రాసింది. ఫీల్డ్ వర్క్ చేసే స్థలం అన్న కాడ ‘అభ్యర్థి వంటిల్లు’ అని రాసి కింద సంతకం పెట్టింది. పోయేటప్పుడు డబ్బాల పప్పు గూడ కట్టిచ్చుకొని పోయింది.

అమ్మకు సంతకం పడ్డదన్నదొక్కటే సమజ్ అయ్యింది. సూసినవా, పప్పు పెట్టబట్టే అన్నది. నేను కాదనలే. కాదని ఎట్ల అంట?

రాత్రికే కొత్త నోట్‌బుక్ కొన్న. అమ్మను అడగాల్సినయి రెండు పేజీలు రాసుకున్న. సోమవారం పొద్దున పోయి పన్ను పీకించుకొచ్చినం. డాక్టర్ దూది పెట్టి, మూడు రోజులు నోరు కదపొద్దు, మాట్లాడొద్దు అన్నడు.

ఇంటికొచ్చి నోట్‌బుక్ పట్టుకొని ఆమె ముందట కూసున్న. ఏం చెయ్యాలె? అమ్మ బియ్యం డబ్బా దిక్కు చెయ్యి చూపెట్టింది. లేచి గిన్నెల బియ్యం పోసుకొని, ఎన్నిసార్లు కడగాలె అని అడిగిన.

మూడు వేళ్లు చూపెట్టింది. రాసుకున్న.