సీటు గొట్టంలో తాయెత్తు

నా మెడలో ఇప్పుడొక వెండి తాయెత్తు ఉంది. అంగడికి వచ్చినవాళ్లు దాన్ని చూసి, "ఏందప్పా, ఈ వయసులో దిష్టి తగిలిందా నీకు?" అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. నోరు నొప్పి పుట్టేదాకా చేసుకోనీ. నా బిడ్డ వేరే దేశం పోయి, మన దేశం పేరున్న జెర్సీ వేసుకుని సైకిల్ తొక్కి, కాళ్లూ చేతులూ సరిగ్గా ఉండి ఇల్లు చేరింది. ఆ పిల్ల మీద నిషేధం లేదు, నా మీద కేసు లేదు. ఇంకెవరేమన్నా నాకు పట్టదు.

ప్రొద్దుటూరులో నాది సైకిల్ అంగడి. నాకు కోపమెక్కువ అని మా వీధి వీధంతా చెబుతుంది. ఆ మాట నిజమే. గాలి కొట్టుకుని పంపును రోడ్డు మీద పడేసి పోయేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దవాణ్ణనీ చూడను, పోలీసనీ చూడను. కానీ నా బిడ్డ దగ్గర మాత్రం ఆ కోపం ఎప్పుడూ చెల్లలేదు.

అది ఆరో తరగతిలో ఉండగా, రిపేరుకు వచ్చిన ఒక గేరు సైకిల్‌ను ఎట్లా ఉందో చూస్తానని ఎక్కింది. వీధి చివర దాకా పోయి వస్తుందనుకున్నాను. ఇరవై కిలోమీటర్ల అవతల జమ్మలమడుగులో వాళ్ల అవ్వ ఇంటికి పోయి, మజ్జిగ తాగి, రెండున్నర గంటలకు తిరిగొచ్చింది. సైకిల్ ఆసామి అంతసేపూ నా బల్ల మీదే కూర్చుని నన్ను తిడుతున్నాడు. నేను బెత్తం తీసుకుని లేచాను. ఆయన "యాడికి పోయింటివి పాపా?" అని అడిగాడు. చెప్పింది. ఆయన గడియారం చూసుకుని, మళ్లీ పిల్లను చూసి, "కొట్టొద్దప్పా. దీన్ని యాడన్నా మంచి చోట చేర్పియ్యి" అన్నాడు.

అట్లా స్పోర్ట్స్ హాస్టల్‌కు పోయింది, రాష్ట్రం పోటీలకు పోయింది, ఆఖరికి జాతీయ జట్టు క్యాంపుకు పోయింది. సెలవుల్లో ఇంటికి వస్తే తెల్లారేసరికి రోడ్డు మీద ఉండేది. మామూలు రోజుల్లో జమ్మలమడుగు మీదుగా మైలవరం డ్యాం కట్ట దాకా, ఆదివారమైతే పులివెందుల దాకా. వెనక మోటార్ సైకిల్ మీద నేను, నా వెనక నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మ.

ఒక ఆదివారం ముద్దనూరు దాటాక మా కళ్ల ముందే పడింది. నాపరాళ్ల లారీ ఏదో మలుపులో చిన్న చిన్న ముక్కలు రాల్చుకుంటూ పోయింది. ముందు చక్రం వాటి మీద జారింది. పిల్ల గాల్లోకి లేచి రోడ్డుకు ఆ పక్కన పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. రెండు నెలల్లో ఎముక అతుక్కుంది కానీ నా భార్యకు అతుక్కోలేదు. ఆ తర్వాత పిల్ల సైకిల్ ఎక్కిన ప్రతిసారీ ఆమె పొయ్యి మీద ఏదో ఒకటి మాడబెట్టేది.

అట్లాంటి సమయంలో కబురు వచ్చింది. ఆసియా స్థాయి పోటీకి మన దేశం నుంచి నలుగురు అమ్మాయిలు పోతున్నారు, అందులో మా పిల్ల ఒకతె. పోయే ముందు పది రోజులు ఇంటి దగ్గర ఉండమని పంపారు. జట్టు సైకిల్‌ను కూడా తెచ్చుకుంది. నల్లటి కార్బన్ సైకిల్, ఒక వేలితో లేపితే లేచేది. నేను దాన్ని తుడవడానికి కూడా చేతులు కడుక్కుని వచ్చేవాణ్ణి.

మొదటి రోజే వాళ్లమ్మ తాయెత్తు తీసింది. పిల్ల పసిబిడ్డగా ఉన్నప్పుడు మొలతాడుకు కట్టిన వెండిది, చిటికెన వేలంత ఉంటుంది, మూతకు లక్క పెట్టి మూసేశారు. గండి గుడికి తీసుకుపోయి స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చింది.

"మెడలో ఏసుకో తల్లీ. నా కోసం."

"మా, వంగి తొక్కేటప్పుడు ఎదకు గుచ్చుకుంటాది. నాకొద్దు."

"పోనీ సైకిల్‌కు కట్టుకో."

అప్పుడు పిల్ల నా వైపు తిరిగింది. "నాయనా, ఆడ తనిఖీ ఉంటాది. సైకిల్‌కు దారం పోగు కూడా కట్టొద్దు. నాకు మాటియ్యి."

ఇచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను.

ప్రయాణానికి ముందు రోజు పిల్ల స్నేహితురాలి ఇంటికి పోయింది. నేను అంగట్లో సైకిల్‌ను పెట్టెలో సర్దుతున్నాను. చక్రాలు ఊడదీసి, హ్యాండిల్ తిప్పి, సీటు రాడ్డు బయటికి లాగాలి. లాగాను. సీటు కింద గొట్టం నోరు తెరుచుకుని ఉంది. తలెత్తితే నా భార్య నిలబడి ఉంది, అరచేతిలో తాయెత్తు పెట్టుకుని. ఒక్క మాట అనలేదు. అని ఉంటే కోప్పడి పంపేసేవాణ్ణి. ఊరికే నిలబడింది. ముద్దనూరు రోడ్డు మీద పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్నప్పుడు ఎట్లా ఉందో, ముఖం అట్లాగే ఉంది.

తీసుకుని గొట్టంలో వేశాను. గలగలమంది. ఆ చప్పుడు వింటే పిల్ల ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది. గుడ్డ చుడదామంటే చెమటకూ నీళ్లకూ కుళ్లిపోయి జారుతుంది. ఆలోచించి పక్క అంగడికి పోయాను. పక్కన బోరు మోటార్లకు వైండింగ్ చేసే మామ ఉంటాడు. చాలా ఏళ్లు కువైట్‌లో చేసి వచ్చిన సాయిబు. "మామా, కొంచెం రాగి తీగ ఇయ్యి" అంటే, "ఎందుకప్పా?" అని కూడా అడగకుండా కాలిన మోటారులోంచి ఊడదీసిన తీగ ఇచ్చాడు.

తాయెత్తు చుట్టూ ఆ రాగి తీగను వరస మీద వరస, సందు లేకుండా చుట్టాను. గొట్టానికి సరిపోయేంత లావు అయ్యాక పైన నల్ల టేపు వేశాను. స్క్రూడ్రైవర్‌తో కిందికంటా దిగ్గొట్టాను. ఊపి చూశాను, కిక్కురుమనలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. నా బుద్ధికి ఏం చెప్పేది.

పోటీ రోజు పొద్దున పది గంటలకు అంగట్లో ఒక చక్రం వంకర తీస్తున్నాను. పిల్ల వీడియో కాల్ చేసింది. అదేదో గుడారంలాగా ఉంది. పిల్ల వెనక వాళ్ల కోచమ్మ, ఆమె పక్కన మెడలో కార్డు వేసుకున్న తెల్ల జుట్టు అధికారి. ఎవరూ నవ్వడం లేదు.

"నాయనా, నా సైకిల్లో ఏమన్నా పెట్టినావా?"

"లేదే" అన్నాను.

ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్ల ఫోన్‌ను పక్కకు తిప్పింది. అక్కడ ఒక యంత్రం తెర మీద మా పిల్ల సైకిల్ ఎక్స్‌రే. గొట్టం అడుగున, పెడల్ ఇరుసుకు కాస్త పైన, నా రాగి చుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"సైకిల్లో మోటారు దాచి తొక్కే దొంగోళ్లు ఉండారు నాయనా. సరిగ్గా ఈడనే దాస్తారు. దీన్ని మోటారు అనుకుంటాండారు. అదే అయితే నన్నొక్కదాన్నే కాదు, మా నలుగుర్నీ ఇంటికి పంపిస్తారు. నేను మళ్లీ పోటీల్లో తొక్కేదానికి లేదు. ఇంకో రెండు గంటల్లో మొదలు. ఏంది ఇది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈలోగా చప్పుడు విని పక్క అంగడి మామ వచ్చాడు. నా భుజం మీద నుంచి తొంగి చూసి, "అరే, అది మన తీగె గదప్పా. చుట్లు శానా బాగా ఏసినావే" అన్నాడు.

పిల్ల విన్నది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "మాటిచ్చినావు గదా నాయనా" అంది. తిట్టినా బాగుండేది.

చెప్పేశాను. అంతా చెప్పేశాను. పిల్ల దాన్ని వాళ్లకు ఇంగ్లీషులో చెప్పింది. జట్టు మెకానిక్ సీటు రాడ్డు లాగి, పొడుగాటి కొక్కెంతో నా ఘనకార్యాన్ని బయటికి తీశాడు. టేపు విప్పి తీగ లాగుతుంటే అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. చివరికి తాయెత్తు బయటపడింది. అధికారి దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, లోపల బ్యాటరీ ఏమైనా ఉందా అని పిల్ల చేత అడిగించాడు.

"రేకు ఉంటాది. మంత్రం రాసిన రేకు" అన్నాను. నేను ఇన్నేళ్లూ అదే అనుకుంటున్నాను.

తెరిచి చూడాలన్నాడు. అప్పటికి మా మాటలు విని నా భార్య అంగడి వెనకున్న ఇంట్లోంచి వచ్చి నా వెనక నిలబడి ఉంది. "తెరిస్తే దాని బలం పోతాది" అంది.

"మా, తెరవకపోతే నేను ఈడనుంచి వాపసు వచ్చేయాల" అంది పిల్ల.

నా భార్య కాసేపు ఫోన్‌లో ఆ పిల్ల ముఖాన్నే చూసింది. "తెరవమను" అంది.

లక్క గీకి మూత తీశారు. రేకు లేదు, మంత్రం లేదు. ఎండిన మిరప తొడిమలాంటి నల్లటి ముక్క ఒకటి అధికారి అరచేతిలో పడింది. ఆయన దాన్ని పిల్లకు అందనీకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోచమ్మ ముఖం పాలిపోయింది. మోటారు అనుమానం పోయి మత్తుమందు అనుమానం వచ్చిందని నాకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. ఎవరో ప్లాస్టిక్ సంచి తెచ్చారు. నేను నా భార్య వైపు తిరిగాను. నిజంగా నాకు తెలియదు అదేమిటో.

ఆమె కొంగు సర్దుకుంది. కొత్తవాళ్ల ముందు గొంతు విప్పని మనిషి, నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అది నీ బొడ్డు పేగు తల్లీ. నువ్వు పుట్టిన పదో నాడు రాలింది. జమ్మలమడుగులో మీ అవ్వ ఎండబెట్టి దాంట్లో పెట్టిచ్చింది. నువ్వు నా కడుపులో ఉండంగా తిన్న తిండంతా దాంట్లోనుంచే. ఆయప్పకు చెప్పు. నీదే, ఇంకెవరిదీ కాదు."

పిల్ల నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చెప్పింది. 'మదర్' అన్న మాట ఒక్కటి నాకు తెలిసింది. తర్వాత కోచమ్మ హిందీలో ఏదో అంది. "వాళ్ల పక్క కూడా ఇట్లనే దాస్తారంట. ఆమెది కూడా వాళ్లమ్మ దాచిందంట" అని మామ చెప్పాడు. అట్లా చెబుతూ ఆయన ముక్కు తుడుచుకున్నాడు.

అధికారి ఆ ముక్కను తనే జాగ్రత్తగా వెండి గొట్టంలో వేసి, మూత నొక్కి, పిల్ల చేతిలో పెట్టాడు. సైకిల్‌ను మళ్లీ యంత్రం కింద ఇటూ అటూ చూశాడు. గట్టిగా హెచ్చరించి, కోచమ్మ చేత సంతకం పెట్టించుకుని, సైకిల్ వదిలిపెట్టాడు. నేను అంగట్లో నేల మీద కూలబడ్డాను. మామ పంచరు చూసే నీళ్ల తొట్టిలోంచే నా ముఖం మీద నీళ్లు చల్లాడు.

పోటీని ముగ్గురం ఆ ఫోన్‌లోనే చూశాం. మా పిల్ల పని గెలవడం కాదు. నలుగురిలో ఆఖర్న గీత దగ్గర వేగంగా దూకే పిల్ల ఒకతె ఉంది. మిగతా ముగ్గురూ ముందుండి ఎదురుగాలి మింగుతూ, ఆ పిల్లను వెనక దాచుకుని చివరి దాకా తీసుకుపోవాలి. ఎవరికీ కనపడని చాకిరీ. సగం దూరంలో గుంపు మధ్యన సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నా భార్య గోళ్లు నా భుజంలో దిగబడ్డాయి. కెమెరా ముందుకు పోయింది. ముందు వరసలో మన రంగు జెర్సీ, తల వంచుకుని తొక్కుతున్న మా పిల్ల. పడలేదు. మా పిల్ల దాచుకుని తెచ్చిన అమ్మాయి మొదటి పదిమందిలో వచ్చింది. మా పిల్ల ఎక్కడో వెనక, రెండు కాళ్ల మీద దిగింది. పతకం లేదు, ఏమీ లేదు. నాకు అంత నిమ్మళం పుట్టాక ఎప్పుడూ తెలియదు. నా భార్య ఆ సాయంత్రం ఏదీ మాడబెట్టకుండా వంట చేసింది.

వారానికి పిల్ల ఇల్లు చేరింది. బస్టాండు నుంచి ఇంటి దాకా నాతో మాట్లాడలేదు. అంగట్లో పెట్టె దించితే నన్ను ముట్టుకోనివ్వలేదు. చక్రాలు తనే బిగించుకుంది. ముప్పై ఏళ్లు సైకిళ్లు బాగుచేసినవాణ్ణి, నా అంగట్లో నా బిడ్డ సైకిల్‌కు పరాయివాడిలా నిలబడ్డాను.

అప్పుడు జేబులోంచి తాయెత్తు తీసింది. కొత్త నల్ల దారం ఎక్కించి ఉంది. నా దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి, నా మెడలో కట్టింది.

"భయం నాకు లేదు నాయనా. నీకుండాది. నువ్వే ఏసుకో."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "ఇంకోసారి నీకు చెప్పకుండా ముట్టనులే" అన్నాను.

సీటు రాడ్డు ఒక్కటే మిగిలింది. పిల్ల ఫోన్‌లో టార్చి వెలిగించి గొట్టం అడుగుదాకా ఒకసారి తొంగి చూసింది. చూసి, బిగించమని ఎలన్ కీ నా చేతికిచ్చింది.