మూడుచోట్ల రాసిన ఒకే వాక్యం

గత వారం మిల్టన్ స్టేషన్‌లో టొరంటో రైలు కోసం నిలబడి ఉంటే మోకాలి పక్కన వెచ్చగా ఏదో బరువు ఆనింది. కిందకు చూశాను. సన్నని మూతి, లోపలికి పోయిన కడుపు, ఒంటికి కోటు. గ్రేహౌండ్ కుక్క. దాని యజమాని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అది మాత్రం పరిచయం లేని నా కాలికి ఒళ్ళంతా ఆనించి నిలబడింది. ఈ జాతి కుక్కలు పెద్దగా మొరగవు, మీద పడవు. నమ్మకం కుదిరితే ఆనుకుంటాయి. ఆ సంగతి నాకు చెప్పింది విశాలాక్షి ఆంటీ. రైలు వచ్చేదాకా నేను కదల్లేదు.

ఆంటీ రిటైరైన మత్తు డాక్టరు. నేను కాలేజీలో చదివే రోజుల్లో మిల్టన్‌లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. పందేల్లో పరిగెత్తి ఇక పనికిరావనిపించుకున్న కుక్కలు సరిహద్దు అవతలి అమెరికా నుంచి వ్యాన్‌లో వచ్చేవి. పెంచుకునే కుటుంబం దొరికేదాకా ఆంటీ వాటిని ఒక్కొక్కటిగా ఇంట్లో ఉంచుకుని, ఇల్లంటే ఏమిటో నేర్పేవారు. పుట్టినప్పటి నుంచి బోను, ట్రాకు తప్ప ఇంకేమీ చూడనివి. వాటికి మెట్లు తెలియవు. గాజు తలుపు తెలియదు. మల్లి అని ఆవిడ పేరు పెట్టిన పులిచారల కుక్క మొదటిరోజు మెట్ల ముందు నిలబడి వణికిపోయింది. ఆంటీ దాని వెనక కూర్చుని, ఒక్కో కాలు చేత్తో ఎత్తి పై మెట్టు మీద పెట్టారు.

“గంటకి అరవై కిలోమీటర్లు పరిగెత్తేదానికి పద్నాలుగు మెట్లు ఎక్కరాదా ఆంటీ?” అన్నాను.

“నువ్వు ఇంజనీరింగ్ చదివావుగా. ఉప్మా చెయ్యి చూద్దాం.”

మల్లిని అప్పటికే ఒక కుటుంబం తీసుకెళ్ళి, ప్రతి చప్పుడుకీ బెదిరిపోతోందని తిరిగి తెచ్చి ఇచ్చేసింది. రెండోసారి రిచ్‌మండ్ హిల్ నుంచి భార్యాభర్తలిద్దరు ముందుకొచ్చారు. శనివారం వచ్చి తీసుకెళ్తామన్నారు. సరిగ్గా ఆ సమయంలోనే ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయింది. పొద్దునా సాయంత్రం మల్లిని నడిపించే పని నాకు వచ్చింది.

వీధి తలుపు మీద ఆవిడ చేత్తో రాసి అంటించిన జాబితా ఉండేది. పన్నెండు వాక్యాలు. వాటిలో మూడోది, ఏడోది, పదకొండోది ఒకటే: “మెడపట్టీ చూడు. రెండు వేళ్ళు దూరాలి, మూడో వేలు దూరకూడదు.” గ్రేహౌండ్ తల మెడకన్నా సన్నం కాబట్టి పట్టీ కొంచెం వదులైనా తలమీంచి జారిపోతుంది. అది నాకు తెలుసు. కానీ ఒకే మాట మూడుసార్లు ఉండటం నా కంటికి తప్పులా కనిపించింది. జాబితాను కంప్యూటర్‌లో శుభ్రంగా టైపు చేసి, మొదటిది ఉంచి మిగతా రెండూ తీసేసి, ప్రింటు తీసి పాతదాని మీద అంటించాను. పన్నెండు పదయ్యాయి. నాకు తృప్తిగా అనిపించింది.

గురువారం పొద్దున పట్టీ పెట్టి వేళ్ళతో చూశాను. సరిగ్గా ఉంది. తర్వాత చలికోటు తొడిగాను. తొడిగేటప్పుడు కోటు అంచు తగిలి పట్టీ సడలింది. అది నేను చూడలేదు. కోటు తొడిగాక మళ్ళీ చూడమని నా జాబితాలో లేదు. వీధి మలుపులో మంచు తీసే ట్రక్కు ముందున్న ఇనప రేకును దభీమని రోడ్డు మీదికి దించింది. మల్లి ఒక్కసారి వెనక్కి గుంజింది. నా చేతిలో తాడు, దాని చివర ఖాళీ పట్టీ మిగిలాయి.

పరిగెత్తడం తప్ప ఇంకో చదువు లేని ప్రాణి వెనక నేనూ పరిగెత్తాను. ఊపిరి అందక ఆంటీకి ఫోన్ చేశాను.

“పట్టీ ఊడింది ఆంటీ. మల్లి పోయింది.”

“వెంటపడుతున్నావా?”

“అవును.”

“ఆగు. నువ్వు పరిగెత్తినంతసేపూ అదీ పరిగెత్తుతుంది. కనిపిస్తోందా?”

“పార్కు చివర, కంచె దగ్గరుంది.”

“దానికి వీపు పెట్టి కూర్చో. పిలవకు. చూడకు.”

“మంచులోనా?”

“లేదు, సోఫా పంపిస్తా. కూర్చో నాయనా.”

కూర్చున్నాను. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, మాట్లాడనూ లేదు. ఆవిడ ఊపిరి మాత్రం వినిపించేది. కంచె అవతల పెద్ద రోడ్డు. ఒక్కో లారీ చప్పుడుకీ నేను లెక్కపెడుతున్న నిమిషాలు తప్పిపోయేవి. నలభై నిమిషాలకు వెనక మంచు కరకరమంది. ఆగింది. మళ్ళీ కరకరమంది. నా చెవి వెనక వెచ్చని ఊపిరి తగిలింది. పట్టీ పెట్టాను. రెండు వేళ్ళు దూర్చాను. మళ్ళీ దూర్చాను. ఇంటికెళ్ళేలోపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

ఆంటీ నా ప్రింటు కాగితం చేతిలో పట్టుకుని ఉన్నారు. “మూడూ ఒకటే కదా అని తీసేసిన ఆంటీ,” అన్నాను.

“ఆపరేషన్‌కి ముందు పేషెంటు పేరు మూడుసార్లు అడుగుతాం. మర్చిపోయి కాదు. మధ్యలో మనిషిని ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి మారుస్తాం కాబట్టి.” అంతే అన్నారు. సాయంత్రం తాడు తెచ్చి నా ఒళ్ళో పడేశారు. “నా వల్ల ఇంకేం పోతుందోనని భయమైతుంది,” అన్నాను. “మరి ఎవరు నడిపిస్తారు? నా మోకాలా?”

శనివారం ఆ దంపతులు వచ్చేముందు మాత్రం ఆంటీ కచ్చితంగా చెప్పారు. “గురువారం సంగతి నువ్వే చెప్పాలి.”

“వద్దని వెళ్ళిపోతే? రెండోసారి ఆంటీ.”

“వెళ్ళిపోతే ఇంకొకరిని వెతుకుతాం. తెలియకుండా తీసుకెళ్తే ఈసారి వాళ్ళ చేతిలోంచి జారుతుంది.”

చెప్పాను. నా జాబితా దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా. ఆయన టీ కప్పు కింద పెట్టి మల్లి వైపు చూశారు. ఆయన భార్య అన్నారు: “ఆ పట్టీ ఎట్లా పెట్టాలో చూపించు బాబూ. ముందు నాకు. తర్వాత ఈయనకి రెండుసార్లు, ఈయన వినరు.” ఆ మధ్యాహ్నం మల్లి వాళ్ళ కారు ఎక్కింది. మళ్ళీ తిరిగి రాలేదు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు లిఫ్టుల మరమ్మతుకు పని సూచనలు రాస్తాను. మొన్న ఒక పాత కాగితంలో ఒకే వాక్యం రెండుచోట్ల కనిపించింది. కొట్టేయలేదు. ఆ పని చేసే పెద్ద మెకానిక్‌కి ఫోన్ చేసి, ఈ రెండింటి మధ్య ఏం కదులుతుందని అడిగాను. ఆయన చాలా ఏళ్ళ కిందటి ఒక రోజు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను కలం తీసుకున్నాను.