అంతా ఎరువే అన్నారు మేష్టారు

మా మృదంగం మేష్టారు పోయారు. టెక్కలి నుంచి ఫోను వచ్చేసరికి నేను పలాసలో ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకంటే ఆ కబురు వెనకాలే ఫోనులో ఒక సంతాప ప్రకటన వచ్చి పడింది. మేష్టారి ఫొటో, దాని పక్కన ఒక ఆల్బం బొమ్మ, దాని మీద ఇంతేసి అక్షరాలతో: "‘అంతా ఎరువే!’ - మా గురువుగారి దీవెన."

దీవెనట, నా తలకాయ!

ఆ ఆల్బం సంగతి మీకు చెప్పాలి. మా టెక్కలి కుర్రాళ్ళు నలుగురు కలిసి ఒక బృందం పెట్టి, ఈమధ్యే తొలి ఆల్బం వదిలారు. దాన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారు. గిటార్లు గర్జిస్తూ ఉంటాయి, పాట మధ్యలో తాళం మారిపోతూ ఉంటుంది, ఒక్కో పాట పావుగంట సాగుతుంది. ఆ సంగీతం మీద నాకు చిన్నచూపు లేదు. లెక్క తెలిసినవాళ్ళు చేసే పని అది. నా చిన్నచూపంతా ఈ నలుగురి మీదే. మొదటి పాటలో గిటారు స్వీడన్ నుంచి దిగింది. రెండోదాంట్లో కీబోర్డు అమెరికాది. మూడోదాంట్లో, పక్కనున్న సంతబొమ్మాళి దాటి ఎరగని గాయకుడు లండన్ వానలో జలుబు చేసినవాడిలా మూలిగాడు. ఏ ముక్క ఎవరి దగ్గర ఎత్తుకొచ్చారో నాలుగు ఆల్బంలు విన్నవాడెవడైనా చెప్పేస్తాడు. అది చాలనట్టు అట్ట మీద మంచుకొండ! మన ఉద్దానం కొబ్బరితోటల్లో మంచుకొండ ఎక్కడిదిరా, మీ మొహాలు మండ!

మేష్టారి దగ్గర ఈ ఆటలు సాగేవి కావు. కచేరీలో విన్న ముక్తాయింపు ఒకటి పట్టుకొచ్చి పాఠంలో గొప్పగా వాయించామంటే, తొడ మీద తాళం ఆపేసేవారు.

"ఎవరిదిరా ఇది?"

"ఫలానా విద్వాంసుడిదండీ."

"అయితే ఆయనకి ఇచ్చీసి రా. ఎరువు సొమ్ము బరువు చేటు. నీదేటుందో అది వాయించు."

అరువు తెచ్చుకున్నదాన్ని ఆయన పాతకాలం మాటలో ‘ఎరువు’ అనేవారు. మా ఏడుపు మొహాలు చూసి అమ్మగారు మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు. ఆయన మాత్రం కరిగేవారు కాదు. అలాగని చెవి మూసుకున్న మనిషీ కాదు. బస్టాండు టీకొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు విని, "ఆగండ్రా, వీడు ఏడు లెక్కలో వాయిస్తన్నాడు" అని వేళ్ళు లెక్కపెట్టేవారు. టీ చల్లారిపోయేది. చల్లటి టీయే తాగేవారు.

ఈ బృందంలో డ్రమ్ములు వాయించేవాడు ఆయన ఆఖరి శిష్యుడు. నందిగాం దగ్గర జీడితోటల వాళ్ళబ్బాయి. మేష్టారు డయాలసిస్‌కి పలాస వచ్చినప్పుడల్లా తోడు నేనుండేవాణ్ణి. ఒకరోజు వాడు అక్కడికే వచ్చాడు. ఆల్బం పెట్టిన ఫోను నా చేతికిచ్చి, భయంతో బయట వరండాలో పచార్లు చేశాడు. మేష్టారు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నారు. తర్వాత వాణ్ణి లోపలికి పిలిచి ఒక్క మాట అన్నారు.

"అంతా ఎరువేరా, నాయనా."

వాడి మొహం చేటంత అయింది. కాళ్ళకు దండం పెట్టి పరుగెత్తాడు. జీడిమొక్కల మొదట్లో ఎరువు పోసి పెరిగినవాడికి ఎరువంటే మొక్కకి వేసే గత్తమే కదా! పాటకు బలమని మెచ్చుకున్నారనుకున్నాడు.

"ఏటి మేష్టారూ, ఆడు గత్తమనుకుని ఎల్లిపోతన్నాడు!" అన్నాను.

నర్సు వచ్చి కసిరేదాకా నవ్వారాయన. "అనుకోనీ. ఇప్పుడు సెప్తే ఏడుస్తాడు, ఓదార్చే ఓపిక నాకు నేదు. నేనెల్లిపోయేక నువ్వు సెప్పు. నీ నోరు మంచిది కాదు, ఆ పనికి నువ్వే సరి."

ఇలాంటి పని అప్పజెప్పి పోయిన గురువు మీలో ఎవరికైనా ఉన్నారా?

పదకొండో రోజు భోజనాలయ్యాక ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుని, ఈ ఆల్బంతో టెక్కలి పేరు ప్రపంచమంతా మోగిందన్నాడు. ఆల్బం విన్నవాడు అనే మాట కాదది. నేను డ్రమ్ములవాణ్ణి మేష్టారి అరుగు మీదికి లాక్కెళ్ళాను.

"తమ్ముడూ, మేష్టారన్న ఎరువు గత్తం కాదురా. అరువు. అంతా ఎవరిదో ఎత్తుకొచ్చేరన్నారు."

వాడి మొహంలో నెత్తురు లేదు. నా చెయ్యి పట్టుకుని, "అంతానా అన్నా? నాది ఒక్కటీ నేదా?" అన్నాడు.

ఓదార్చడానికి అబద్ధమాడే అలవాటు నాకు లేదు. జరిగిందే చెప్పాను.

"ఐదో పాట సివర్న గిటార్లు ఆగిపోయి నువ్వొక్కడివే మిగిలిపోనావు సూడు. అది మేష్టారు మళ్ళీ ఎయ్యమన్నారు. ఇని, ఇంకోసారి ఎయ్యమన్నారు."

"అది తప్పన్నా! తాళం తప్పీసేను. ఏదో వాయించీసి ఒడ్డున పడ్డాను. తీసీద్దామనుకున్నాం కూడా."

"ఆ ఒడ్డున పడ్డమే నీదిరా. మరేటీ నేదు."

వాడు అరుగు చివర కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆ ముక్క వినడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం. కాసేపటికి వాడి అరచెయ్యి తొడ మీద కదిలింది. తప్పింది, వెతుక్కుంది, మళ్ళీ తప్పింది. మిగతా ముగ్గురూ ఆల్బం బ్యానరు పట్టుకుని ఫొటోకి రమ్మని వీధిలోంచి కేకలేస్తున్నారు. వాడికి వినబడలేదు.